అమ్మమ్మ స్ఫటిక మాల తెగిపోయింది, రెండు పూసలు తక్కువ

బ్రాడీపేట బొమ్మ | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. మాది గుంటూరు. మా అమ్మమ్మ స్ఫటిక మాల ఒకటి ఉంది. ఆవిడ పోయాక అమ్మకొచ్చింది. రోజూ పొద్దున్నే కాఫీకి ముందు దాంతోనే అమ్మ జపం. మొన్న శుక్రవారం తలంటుకుని వచ్చి మాల చేతిలోకి తీసుకోగానే దారం పుటుక్కున తెగింది. బాత్రూమ్ గుమ్మం నుంచి వంటింటి దాకా పూసలే. నేనూ తమ్ముడూ మంచాల కింద, ఫ్రిజ్ కింద చీపురుపుల్లలు పెట్టి గాలించి 108లో 106 తేల్చాం. లెక్కలోకి రాకుండా గుర్తుకి ఉండే మేరుపూస దొరికింది. రెండు మాత్రం లేవు.

కొత్తవి రెండు కలిపి గుచ్చిస్తే జపానికి పనికొస్తుందా? విడిపూసలు ఇక్కడగానీ బెజవాడలోగానీ ఎక్కడ దొరుకుతాయి? ఇంకోటి, మాల లేనప్పటి నుంచి నిద్ర పట్టట్లేదంటోంది అమ్మ. ఒళ్ళంతా వేడిగా ఉందట. అసలే ఎండలు. స్ఫటికం నిజంగా వేడి లాగేస్తుందా, లేక అలవాటా? అమ్మ ముందు ఈ మాట అనే ధైర్యం నాకు లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

సత్యనారాయణపురం అత్తయ్య | సోమవారం, రాత్రి 10:05

దారం పాతబడితే తెగుతుందమ్మా, అందులో అరిష్టం ఏముంది? ముందు మీ అమ్మగారికి ఆ మాట చెప్పు. నాది ఈ ముప్ఫై ఏళ్ళలో నాలుగుసార్లు తెగింది. ఒకసారి దసరాల్లో, మూలా నక్షత్రం రోజున, దుర్గమ్మ కొండ మీద క్యూలో నిలబడి ఉండగా! ఆ జనంలో కిందికి వంగడం కూడానా. ఏరుకున్నన్ని ఏరుకుని కొంగున కట్టుకుని దర్శనం చేసుకొచ్చా.

ఈలోపు జపం ఆగకుండా ఒక ఉపాయం చెప్తా. 106 ఉన్నాయిగా, అందులో 54 తీసి చిన్న మాల గుచ్చించు. రెండుసార్లు తిప్పితే 108. ఇది శాస్త్రంలో ఉన్నదే, నా సొంతం కాదు. మేరువు దగ్గరికి రాగానే దాటకుండా మాలను వెనక్కి తిప్పుకోవాలి, చూపుడువేలు తగలకూడదు. అవన్నీ ఆవిడకి తెలిసే ఉంటాయిలే.

ఒక్కటి మాత్రం అడుగుతా, కోప్పడకు. జపం చేసే మాలనే మెళ్ళో కూడా వేసుకుంటారా? మా పుట్టింట్లో అలా ఒప్పుకోరు. జపమాల గోముఖిలో (జపం సంచిలో) ఉండాలి, మెళ్ళోది వేరే ఉండాలి.

బ్రాడీపేట బొమ్మ | సోమవారం, రాత్రి 10:11

లేదత్తయ్యగారూ, మెళ్ళో వేసుకోదు. కానీ రాత్రి దిండు పక్కన పెట్టుకుంటుంది. 54 పూసల సంగతి చెప్పా, మొహం కాస్త తేటపడింది. థాంక్యూ అండీ.

వన్‌టౌన్ కుర్రోడు | సోమవారం, రాత్రి 11:30

అక్కా, నేను రాళ్ళ కొట్టులో పని చేస్తా. రెండు పూసలు విడిగా అంటే ఎవరూ ఇవ్వరు, లైను (దారానికి గుచ్చిన పూసల వరస) మొత్తం తీసుకోమంటారు. మాకు జైపూర్ నుంచీ గుజరాత్‌లోని ఖంభాత్ నుంచీ వస్తాయి, లైన్లు లైన్లుగా. తెలిసిన కొట్టు అయితే తెగిన లైన్లలోంచి ఏరి ఇస్తారు.

కానీ అసలు చిక్కు అది కాదు. పాత పూసలకి కొత్తవి కలవవు. ఒక పూస తీసుకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని రంధ్రంలోకి చూడండి. పాత చేతిపని అయితే రంధ్రం రెండువైపుల నుంచీ తొలిచి ఉంటుంది, మధ్యలో కలిసే చోట కాస్త మెలిక కనబడుద్ది. కొత్త మెషిన్ పూస అయితే గొట్టంలాగా తిన్నగా ఉంటుంది. మీ మాల ఎన్నేళ్ళది?

బ్రాడీపేట బొమ్మ | సోమవారం, రాత్రి 11:48

అమ్మమ్మ పెళ్ళిలో పెట్టారంట. అంటే అరవై ఏళ్ళ పైమాటే. టార్చి వేసి చూశా తమ్ముడూ, నువ్వన్నట్టే మెలిక ఉంది! అయితే కొన్నింట్లో లేదు, తిన్నగానే ఉంది. ఎందుకంటావ్?

వన్‌టౌన్ కుర్రోడు | సోమవారం, రాత్రి 11:52

కొన్నింట్లో లేదా? చూడాలక్కా. ఫొటోలో తెలీదు.

కృష్ణలంక కాఫీ | మంగళవారం, ఉదయం 6:58

ముందు అది అసలుదో నకిలీదో తేల్చుకోండి. నా గోడు వినండి. ఒక పుణ్యక్షేత్రానికి వెళ్ళినప్పుడు బయట వరసగా మాలలు అమ్ముతున్నారు. ఒకాయన నన్ను దుప్పటి కప్పిన బల్ల కిందకి తల పెట్టమని, రెండు రాళ్ళు రుద్ది చూపించాడు. చీకట్లో నారింజరంగు మెరుపు. నేను పడిపోయా. 1,800 ఇచ్చి మాల తీసుకున్నా. రెండేళ్ళకి పూసల అంచులు అరిగి, ఒకదానికొకటి తగిలిన చోటల్లా మసకబారాయి. మా బావమరిది స్నేహితుడు భూతద్దం పెట్టి చూసి "ఇది గాజు గురూ, లోపల బుడగలు చూడు" అన్నాడు. ఆయన రుద్దిన రాళ్ళు వేరు, నాకు ఇచ్చిన మాల వేరు! అది తట్టలేదు నాకు.

పలుగురాయి మేష్టారు | మంగళవారం, ఉదయం 8:20

కృష్ణలంక గారూ, ఆయన చూపించిన మెరుపు నిజమే. మోసం తర్వాత జరిగింది. చిన్నప్పుడు మేము పొలంగట్ల మీద పలుగురాళ్ళు ఏరి రాత్రిపూట రుద్దేవాళ్ళం, అదే మెరుపు. ఎందుకంటే స్ఫటికం, పలుగురాయి, ఇంగ్లీషువాళ్ళ క్వార్ట్జ్, మూడూ ఒకటే. సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికా. మలినాలూ పగుళ్ళూ లేకుండా అద్దంలా తేరుకుంటే స్ఫటికం అని దండం పెడతాం, తెల్లగా మసగ్గా ఉంటే పలుగురాయి అని రోడ్డు మీద పోస్తాం. నలభై ఏళ్ళు ఇదే పాఠం చెప్పా, పిల్లలు ప్రతిసారీ నవ్వేవాళ్ళు.

అమ్మాయి అడిగిన వేడి సంగతికి వస్తా. గాజుకన్నా స్ఫటికం వేడిని కొన్ని రెట్లు త్వరగా లాగేస్తుంది. అందుకే చెంపకి ఆనించగానే చల్లగా తగులుతుంది. కాసేపటికి పూస కూడా ఒంటి వేడికి వచ్చేస్తుంది, ఇక లాగేదేం ఉండదు. మళ్ళీ పక్కన పెట్టి తీసుకుంటే మళ్ళీ చల్లన. జ్వరం తగ్గించేటంత చల్లదనం 70, 80 గ్రాముల రాయిలో ఉండదు. కానీ బెజవాడ ఎండల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం, గుప్పిట్లో ఆ మాత్రం చల్లన తగిలితే మనిషికి హాయి అనిపించదా? అనిపిస్తుంది. అది అబద్ధం కాదు.

మిరప యార్డు | మంగళవారం, ఉదయం 9:15

😂 మా ఇంట్లో జరిగింది చెప్తా. అపార్ట్‌మెంట్‌లో ఎవరో మా ఆవిడతో "రాత్రి స్ఫటికం నీళ్ళలో వేసి పొద్దున్నే ఆ నీళ్ళు తాగితే మొహంలో కళ వస్తుంది" అన్నారు. ఈవిడ తిన్నగా కిరాణా కొట్టుకెళ్ళి పటిక తెచ్చింది! రాగిచెంబులో వేసి మూతపెట్టి పడుకుంది. పొద్దున నేనే ముందు తాగా. నోరంతా పిడచకట్టుకుపోయి నాలుక పైకి లేవదు. చెంబులో చూస్తే కోడిగుడ్డంత రాయి ఉసిరికాయంత అయింది. "రాయి శక్తంతా నీళ్ళల్లోకి వచ్చేసిందండీ" అని ఒకటే సంబరం!

సత్యనారాయణపురం అత్తయ్య | మంగళవారం, ఉదయం 9:31

నవ్వలేక చస్తున్నా నాయనా. పటిక గుమ్మానికి దిష్టికి కట్టుకునేది. మొన్న 2024లో బుడమేరు పొంగినప్పుడు మా చెల్లెలు వాళ్ళు సింగ్‌నగర్‌లో బురదనీళ్ళు తేరడానికి బకెట్లలో తిప్పింది కూడా పటికే. అవి ఇల్లు కడుక్కోవడానికి, తాగడానికి కాదు.

పలుగురాయి మేష్టారు | మంగళవారం, ఉదయం 10:02

మాటల్లో చుట్టరికం ఉంది కాబట్టి ఆవిడ తప్పేం లేదు. స్ఫటిక అన్న మాటే అరిగి పటిక అయింది. పటికబెల్లంలో ఉన్నదీ అదే. చూడటానికి తెల్లగా, పలుకులుగా ఉన్నదల్లా పటికే మనవాళ్ళకి. కానీ పటిక అల్యూమినియం ఉప్పు, నీళ్ళలో కరుగుతుంది. గడ్డం గీసుకున్నాక మంగలి రుద్దేది అది. స్ఫటికం వందేళ్ళు చెంబులో ఉన్నా కరగదు. కరగదు కాబట్టి ఆ నీళ్ళలోకి వచ్చేదీ ఏం లేదు.

చంద్రకాంత శిల | మంగళవారం, మధ్యాహ్నం 1:40

అందరూ నవ్వుతున్నారు కానీ కొంచెం నా మాట కూడా వినండి. నేను పటమటలో ఉంటా, నాలుగేళ్ళుగా క్రిస్టల్ హీలింగ్ సాధన చేస్తున్నా. మా పద్ధతిలో స్ఫటికాన్ని మాస్టర్ హీలర్ అంటారు. ఏ సంకల్పం పెట్టుకుంటే దాన్ని పెంచుతుందని నమ్మకం. ఊదారంగు అమెథిస్ట్ నిద్రకి, మనసు నిలకడకి. రోజ్ క్వార్ట్జ్ ప్రేమకి, దుఃఖంలో ఉన్నవాళ్ళకి. పసుపు సిట్రిన్ డబ్బుపెట్టెలో, గల్లాలో పెట్టుకుంటారు. నల్ల టూర్మలిన్ దిష్టికి. వీటిని పౌర్ణమి వెన్నెల్లో పెట్టి శుద్ధి చేస్తాం.

మా నాన్నగారు పోయిన ఏడాది నేను రోజ్ క్వార్ట్జ్ ఒకటి గుప్పిట్లో పట్టుకుని పడుకునేదాన్ని. ఏడుపొస్తే గట్టిగా పట్టుకునేదాన్ని. అది పనిచేసిందా అని అడిగితే, ఆ ఆరునెలలు గడిచాయి, అదే నాకు తెలుసు. బొమ్మగారూ, మీ అమ్మగారికి మాల వచ్చేదాకా దిండు కింద ఒక అమెథిస్ట్ పెట్టి చూడండి. పోయేదేముంది?

మందుల కొట్టు | మంగళవారం, మధ్యాహ్నం 3:05

పోయేది ఒకటుందండి, అందుకే రాస్తున్నా. అరండల్‌పేటలో మాకు మెడికల్ షాపు. నెలనెలా బీపీ మాత్రలు తీసుకెళ్ళే ఆవిడ ఒకరు మూడు నెలలు రాలేదు. ఊరెళ్ళారేమో అనుకున్నా. ఏదో ఆన్‌లైన్ క్లాసులో చేరి, రాయి కట్టుకుంటే మాత్రలు అక్కర్లేదన్నారని మానేశారట. నాలుగో నెల వాళ్ళబ్బాయి వచ్చాడు, చేతిలో ఆసుపత్రి చీటీ. ఎడమ చెయ్యి పడిపోయింది ఆవిడకి.

రాయి పెట్టుకోండి, మాల తిప్పండి, నాకేం అభ్యంతరం లేదు. మా గల్లాపెట్టె మీద కూడా వినాయకుడున్నాడు. మాత్ర మాత్రం మానొద్దు. బొమ్మగారూ, అమ్మగారికి బీపీగానీ షుగర్‌గానీ ఉందా? నిద్ర పట్టకపోవడం, ఒళ్ళు వేడి అంటున్నారు కదా, ఒకసారి చూపించండి. మాల తెగిన రోజే మాత్రల డబ్బా కూడా ఖాళీ అయి ఉండొచ్చు, ఎవరు చూశారు?

చంద్రకాంత శిల | మంగళవారం, మధ్యాహ్నం 3:20

మందులు మానమని నేనెప్పుడూ చెప్పనండి. అలా చెప్పేవాళ్ళ దగ్గర నేర్చుకోవద్దనే చెప్తా. ఇందులో మీరూ నేనూ ఒకటే.

బ్రాడీపేట బొమ్మ | మంగళవారం, సాయంత్రం 5:44

మందుల కొట్టు గారూ, మీరు జ్యోతిష్యం కూడా చెప్తారా? ఇప్పుడే చూశా. బీపీ మాత్రల షీటు గురువారంతో అయిపోయింది! మాల గొడవలో పడి ఎవరూ తేలేదు. అమ్మ అయితే "మాల లేదుగా, ఇంకేం గుర్తుంటాయి" అంటోంది. జపం అయ్యాక కాఫీ, కాఫీ అయ్యాక మాత్ర, అదీ వరస. మొదటిది ఆగితే అన్నీ ఆగాయి. తమ్ముణ్ణి పంపా.

మందుల కొట్టు | మంగళవారం, సాయంత్రం 5:50

రేపు ఒకసారి బీపీ చూపించండి. నాలుగు రోజులు గ్యాప్ వచ్చిందని డాక్టరుగారికి చెప్పండి, దాచొద్దు.

వన్‌టౌన్ కుర్రోడు | మంగళవారం, రాత్రి 9:10

చంద్రకాంత అక్కకి ఒక్క మాట. బజార్లో దొరికే సిట్రిన్‌లో ఎక్కువ భాగం అమెథిస్టే, కాల్చి పసుపు చేస్తారు. కింద తెల్లగా, కొసలకి మాడినట్టు నారింజరంగు ఉంటే అదే. అమెథిస్ట్‌ని కిటికీలో ఎండకి పెట్టకండి, రంగు వెలిసిపోద్ది. సెలెనైట్ అని తెల్లగా మెరిసే కర్రలు అమ్ముతారు చూడండి, అది జిప్సమ్. గోరుతో గీసినా గీత పడుద్ది, నీళ్ళలో కడిగితే పాడవుద్ది. ఆకుపచ్చ మలకైట్‌లో రాగి ఉంటది, దాన్ని మంచినీళ్ళ సీసాలో వేసుకుని తాగితే ప్రమాదం. స్ఫటికం ఒక్కటే ఏం చేసినా పడుంటుంది, గోరువెచ్చని నీళ్ళూ కాస్త సబ్బూ చాలు. ఉప్పునీళ్ళలో నానబెట్టమంటారు, దానివల్ల దారం చెడుద్ది, వెండి టోపీలు నల్లబడతాయి, అంతే.

స్ఫటిక గోళం ఉంటే దాన్నీ ఎండ పడే చోట ఉంచకండి. భూతద్దంలాగే పని చేసుద్ది. మా ఓనర్ గారి టేబుల్ మీద ఉన్న గోళం ఏప్రిల్‌లో బిల్లు పుస్తకాన్ని అట్ట దాకా కాల్చింది. నల్లగా చంద్రవంక ఆకారంలో చిల్లి. వాసన వచ్చిందాకా అందరం ఎదురుగానే కూర్చుని ఉన్నాం.

కృష్ణలంక కాఫీ | మంగళవారం, రాత్రి 9:26

మేష్టారూ, వాచీల్లో క్వార్ట్జ్ అని రాసి ఉంటుంది కదా. రాళ్ళలో వైబ్రేషన్ ఉందనేవాళ్ళంతా దాన్నే చూపిస్తారు. అందులో ఏమన్నా ఉందా?

పలుగురాయి మేష్టారు | మంగళవారం, రాత్రి 10:15

ఉంది, కానీ వాళ్ళు చెప్పేది కాదు. 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ అన్నదమ్ములు, జాక్, పియేర్, కనిపెట్టారు: స్ఫటికాన్ని నొక్కితే దాని ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. దాన్నే తిరగేసి, కరెంటిస్తే స్ఫటికం కదులుతుంది. వాచీలో చిన్న శృతిదండంలాంటి ముక్క ఉంటుంది, సెకనుకి 32,768 సార్లు ఊగుతుంది. ఒకటిని రెండుతో పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చే అంకె అది, అందుకే సర్క్యూట్ దాన్ని సగం సగం చేసుకుంటూ పోయి సరిగ్గా ఒక సెకను తేలుస్తుంది. అయితే బ్యాటరీ ఉన్నంతసేపే. బ్యాటరీ తీసేస్తే వాచీ ఆగిపోతుందిగా? దిండు కింద రాయికి బ్యాటరీ ఎవరు వేశారు?

లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ కాలేజీ మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు క్రిస్టఫర్ ఫ్రెంచ్ 2001 ప్రాంతంలో ఒక పరీక్ష పెట్టాడు. కొందరి చేతికి అసలు స్ఫటికం, కొందరికి గాజుముక్క ఇచ్చి ధ్యానం చేయించాడు. ఏది ఎవరిదో వాళ్ళకి చెప్పలేదు. చెయ్యి వెచ్చబడింది, జిల్లుమంది, మనసు కుదుటపడింది అని రెండు జట్లూ ఒకేలా చెప్పాయి. చంద్రకాంత గారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు. మీ గుప్పిట్లో గాజుముక్క ఉన్నా ఆ ఆరునెలలు గడిచేవి. గడిపింది మీరు.

చంద్రకాంత శిల | మంగళవారం, రాత్రి 10:40

నొచ్చుకోలేదు మేష్టారూ. కానీ ఆ గుప్పిట ఖాళీగా ఉంటే గడిచేవా? అది కూడా పరీక్ష పెట్టమనండి.

పలుగురాయి మేష్టారు | మంగళవారం, రాత్రి 10:52

మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

కొండవీటి చాంతాడు | బుధవారం, ఉదయం 7:30

పేరుకి తగ్గట్టు పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

హీలింగ్ వాళ్ళు చెప్పే, ఒంట్లోని చక్రానికో రంగు, రంగుకో రాయి అన్న పట్టిక మన పాత పుస్తకాల్లోది కాదు. 1970ల తర్వాత పడమటి దేశాల్లో తయారై మనకి తిరుగుటపాలో వచ్చింది. మనవాళ్ళు స్ఫటికం గురించి చెప్పింది వేరు. వరాహమిహిరుడి బృహత్సంహితలో రత్నాల లెక్కలో స్ఫటికం ఉంది, గరుడపురాణంలో రత్నపరీక్ష చెప్పిన చోట కూడా ఉంది. జ్యోతిష్యులు శుక్రుడికి వజ్రం కొనలేనివాళ్ళని స్ఫటికం పెట్టుకోమంటారు. సరస్వతీదేవి చేతిలో ఉండేది స్ఫటిక అక్షమాల. శివుణ్ణి శుద్ధస్ఫటికంలాంటివాడని ధ్యానిస్తాం. శంకరాచార్యులు తెచ్చారని చెప్పే ఐదు స్ఫటికలింగాల్లో ఒకటి శృంగేరిలో, ఒకటి చిదంబరంలో ఉన్నాయి.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైంది మందారపువ్వు దృష్టాంతం. స్ఫటికం పక్కన ఎర్రమందారం పెట్టండి, స్ఫటికం ఎర్రబడుతుంది. పువ్వు తీసేయండి, ఎర్రదనం ఎక్కడికి పోయింది? అసలు ఎప్పుడొచ్చింది గనక? ఆత్మ మీద సుఖదుఃఖాలు అలాంటివని వేదాంతులు చెప్తారు. పతంజలి కూడా యోగసూత్రాల సమాధిపాదం 41వ సూత్రంలో నిర్మలమైన మనసుని మేలిజాతి మణితో పోల్చాడు, దగ్గరున్నదాని రంగు తను పట్టుకుంటుందని. అంటే మనవాళ్ళకి స్ఫటికం మందు కాదు, ఉపమానం. తనకంటూ రంగు లేకపోవడమే దాని గొప్ప.

ఇంకోటి, మన పక్కన ఉన్నదే. భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి కరండాలు (పెట్టెలు) దొరికాయి, వాటి మీద బ్రాహ్మీ రాతలు, లోపల స్ఫటికపు భరిణె. బుద్ధుడి ధాతువులు (అస్థికలు) దాచడానికి మనవాళ్ళు ఎంచుకున్నది బంగారాన్ని ఒక్కదాన్నే కాదు, రంగులేని ఈ రాయిని కూడా. రెండువేల ఏళ్ళ కిందట, మన కృష్ణాతీరంలో, దాన్ని తొలిచి నున్నగా చేసిన చేయి ఎవరిదో!

మిరప యార్డు | బుధవారం, ఉదయం 7:55

చాంతాడు గారూ, మా తాత కూడా కృష్ణాతీరంలో ఒక రాయి దొరకబుచ్చుకున్నాడు. బెల్లంకొండ వైపు, కొల్లూరు వజ్రాలగని ఉన్న చోటే (ఇప్పుడది పులిచింతల నీళ్ళ కింద ఉంది). వాన వెలిశాక చేలో తళుక్కుమందట. కిటికీ అద్దం మీద గీస్తే గీత పడింది. ఇంకేముంది, వజ్రం! నెలరోజులు ట్రంకుపెట్టెలో, తాళంచెవి మొలతాడుకి. చివరికి షరాబు చూసి పలుగురాయి అన్నాడు. గాజుని గీసేది వజ్రం ఒక్కటే కాదని ఆయనకి ఎవరూ చెప్పలేదు పాపం. ఆ రాయి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, రోట్లో పచ్చడి నూరేటప్పుడు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాం.

ఖంభాత్ కోడలు | బుధవారం, ఉదయం 11:12

వన్‌టౌన్ తమ్ముడు ఖంభాత్ పేరెత్తాడు కాబట్టి చెప్తున్నా. మాది విజయవాడే, మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు అటువైపు ఉన్నాం. అక్కడ ఇళ్ళల్లోనే రాళ్ళు సాన పడతారు. ఆ పొడి సన్నగా గాల్లో లేస్తుంది, ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. తిరిగి బాగయ్యే జబ్బు కాదది. మా పక్కవీధిలో సాన పట్టే ఆయన మెట్లెక్కలేక మూడో మెట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకునేవాడు, వయసేమో నలభై లోపే. ఆరోగ్యానికని మనం కొనే రాయి ఇది. ఎప్పుడు మాల చూసినా నాకు ఆ మూడో మెట్టే గుర్తొస్తుంది.

నిర్వాహకుడు | బుధవారం, మధ్యాహ్నం 12:30

అమ్మకందారుల ఫోన్ నంబర్లు పెట్టిన మూడు పోస్టులు తీసేశాను. మిగతా చర్చ కానివ్వండి.

పలుగురాయి మేష్టారు | బుధవారం, సాయంత్రం 4:00

బొమ్మా, పూసలు విడిగా ఉన్నాయి కాబట్టి మంచి అవకాశం. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నగల తూకం చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఎవరి దగ్గరన్నా తీసుకో. ముందు పూసలన్నీ పొడిగా తూచు. తర్వాత కాటా మీద నీళ్ళగ్లాసు పెట్టి సున్నా చెయ్యి. పూసల్ని సన్నటి వలగుడ్డలో మూటకట్టి, గ్లాసు అడుక్కీ గోడలకీ తగలకుండా నీళ్ళలో వేలాడదియ్యి. కాటా చూపించే అంకెతో మొదటి బరువుని భాగించు. స్ఫటికమైతే 2.65 రావాలి. మామూలు గాజు 2.5 దగ్గర ఆగుతుంది. మూటలో గాలిబుడగలు లేకుండా బాగా కదుపు.

బ్రాడీపేట బొమ్మ | బుధవారం, రాత్రి 9:20

మేష్టారూ, చేశాం! కొత్తపేటలో తమ్ముడి ఫ్రెండు వాళ్ళది నగల పని, కాటా తెచ్చాడు. మేరుపూస పక్కన పెట్టి 106 తూచాం, 72.4 గ్రాములు. నీళ్ళలో 27.6. భాగిస్తే 2.62. మూడుసార్లు చేశాం, అంతే వస్తోంది. ఇటు స్ఫటికమూ కాదు, అటు గాజూ కాదు. ఇదేం రాయి?

పలుగురాయి మేష్టారు | బుధవారం, రాత్రి 9:41

మూడుసార్లూ అంతే వస్తే బుడగల తప్పు కాకపోవచ్చు. రాయి ఒకటే అని ఎందుకనుకుంటున్నాం? కొన్ని పూసల రంధ్రం తిన్నగా ఉందని సోమవారం నువ్వే రాశావు.

ఇంకో పరీక్ష చెప్తా. ల్యాప్‌టాప్ ఉందా? తెర మీద తెల్లటి పేజీ తెరువు. పోలరైజ్డ్ చలువకళ్ళద్దాలు ఉంటే తెరకి ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పు. ఒక కోణంలో తెర నల్లబడుతుంది. అక్కడ ఆపి, తెరకీ కళ్ళద్దానికీ మధ్య పూస పెట్టి అటూ ఇటూ తిప్పి చూడు. గాజైతే నల్లగానే ఉంటుంది. స్ఫటికం కాంతిని రెండుగా చీలుస్తుంది కాబట్టి చీకట్లో వెలిగినట్టు కనబడుతుంది.

బ్రాడీపేట బొమ్మ | గురువారం, అర్ధరాత్రి 12:35

నిద్రపోతున్నారేమో, అయినా ఆగలేక రాస్తున్నా.

తమ్ముడి బండి కళ్ళద్దాలు పెట్టుకుని, లైట్లార్పేసి, ల్యాప్‌టాప్ పడుకోబెట్టి ఒక్కో పూస పెట్టాం. మొదటి పూస తిప్పగానే... ఎలా చెప్పాలి, నల్లటి తెర మీద నెమలికన్నులాగా రంగురంగుల గుండ్రాలు వెలిగాయి. ఇద్దరం అరిచేశాం. అమ్మ లేచొచ్చింది. రెండోది, మూడోది, అన్నీ అంతే. పదకొండోది పెడితే ఏమీ లేదు, చీకటి. ఎంత తిప్పినా చీకటే. మొత్తం అయ్యేసరికి వెలిగినవి 87, వెలగనివి 19. వెలగని 19 పూసలకీ రంధ్రం తిన్నగా ఉంది. టార్చి వేసి భూతద్దంలో చూస్తే రెండింట్లో ఆవగింజలో సగం ఉన్న బుడగలు కూడా.

అమ్మ మంచం మీద కూర్చుని ఆ 19 పూసలూ అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. నేను భయపడ్డా. చూసి చూసి నవ్వడం మొదలుపెట్టింది. చిలకలూరిపేటలో వాళ్ళ పెరట్లో నుయ్యి ఉండేదంట. అమ్మకి ఆరేడేళ్ళప్పుడు, నూతిగట్టు మీద అమ్మమ్మ జపం చేసుకుంటుంటే, జడ వెయ్యలేదని అలిగి మాల పట్టుకుని లాగిందంట. సగం పూసలు గట్టు మీద, కొన్ని నూతిలో. అమ్మమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజంతా మాట్లాడలేదంతే. ఆ శివరాత్రికి తాతయ్య కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళి, ప్రభలు చూసి, వస్తూ వస్తూ పూసలు తెచ్చిన సంగతి అమ్మకి ఇప్పుడు గుర్తొచ్చింది. "మా అమ్మ వాటినీ కడిగి గుచ్చేసుకుని తిప్పుకుంది. నాకు మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు" అంది.

సత్యనారాయణపురం అత్తయ్య | గురువారం, ఉదయం 5:10

లేచి ముందు ఇదే చదివా. ఇప్పుడు నేను జపానికి కూర్చోవాలి, కళ్ళు తుడుచుకుని.

కృష్ణలంక కాఫీ | గురువారం, ఉదయం 7:02

నా గాజుమాల అటక మీద పడేశా. దించాలి.

వన్‌టౌన్ కుర్రోడు | గురువారం, ఉదయం 9:40

అక్కా, మా ఓనర్ గారికి చదివి వినిపించా. పాత లైన్లు తెగినవి డబ్బాలో ఉన్నాయి, మీ సైజువి రెండు స్ఫటికం పూసలు ఏరి పెడతానన్నారు. ఆ 19 కూడా మార్చి స్ఫటికం వేయించుకుంటారా?

బ్రాడీపేట బొమ్మ | శనివారం, సాయంత్రం 6:25

ఆలస్యమైంది, సారీ. తప్పిపోయిన రెండింటిలో ఒకటి బాత్రూమ్ జాలీ విప్పితే దొరికింది, సబ్బు పట్టి తెల్లగా అయిపోయి. కడిగి కళ్ళద్దాల కింద పెట్టా, గాజుదే. అంటే గాజువి 20. ఆ 20 మార్చేది లేదంది అమ్మ. తమ్ముడూ, మాకు ఒక్క పూస చాలు. ఓనర్ గారికి నమస్కారాలు చెప్పు, రేపు ఆదివారం బస్సుకి వస్తున్నాం.

బీపీ చూపించాం, కాస్త ఎక్కువుంది, మాత్రలు మళ్ళీ మొదలు. జపం ఆలస్యమైనా మాత్ర ఆగకూడదని డబ్బా తీసుకెళ్ళి గోముఖి పక్కనే పెట్టా. ఇంతకీ గుచ్చడానికి పట్టుదారం మంచిదా, నైలాన్ మంచిదా? అమ్మ పట్టు అంటోంది. తమ్ముడు మాత్రం ఇంకోసారి ఫ్రిజ్ జరపడం తనవల్ల కాదంటున్నాడు.

సత్యనారాయణపురం అత్తయ్య | శనివారం, సాయంత్రం 6:40

పట్టే. పూసకీ పూసకీ మధ్య ముడి వేయించు, తెగినా ఒక్కటే జారుతుంది.